కామాక్షి కట్టిన టీము

జూన్ 18

కాలేజీ తెరిచారు. పుస్తకాలు తీసుకోకుండా నేరుగా గ్రౌండుకి పోయాను.

పల్లేరుకాయలు. మోకాళ్ళ దాకా గడ్డి. ఒక గోలుపోస్టుకి ఎవరిదో బర్రెను కట్టేసి ఉన్నారు. వల లేదు — రొయ్యల గుంట మీద కొంగలు వాలకుండా కట్టుకోవడానికి ఎవరో కోసుకుపోయారని వాచ్‌మన్ చెప్పాడు. నవ్వుతూనే చెప్పాడు. "ఇంకెవురాడతార్లేమ్మా."

ఏడాది పాటు నేను గోల్‌కీపర్‌గా నిలబడిన చోట పేడ.

జూన్ 19

క్యాంటీన్‌లో ఫస్టియర్ పిల్ల ఒకతె పక్కన కూర్చుంది. దోసె తింటూ అడిగింది. "ఆ యాక్సిడెంట్‌లో నువ్వు గూడా ఉండినావంటనే అక్కా?"

చెప్పాను. కావలిలో ఫుట్‌బాల్ మ్యాచ్ గెలిచి వస్తున్నాం. బిట్రగుంట దాటాక టైరు పంక్చరైతే వ్యాన్ పక్కకి ఆపారు. పి.డి. సారూ డ్రైవరూ కిందికి దిగారు. మేము లోపలే, పాటలు. వెనక నుంచి లారీ. ఐదుగురు పోయారు. కెప్టెన్ కామాక్షికి ఎడమ కాలు మోకాలి కింద తీసేశారు. నాకు నుదుటి మీద కుట్లు. మిగిలినవాళ్ళలో కొందరు టీసీ తీసుకుపోయారు, కొందరికి ఇంట్లో వాళ్ళు పెళ్ళి చేసేశారు. పి.డి. సార్ వేరే ఊరికి పోయాడు — "ఆ గ్రౌండు వంక చూళ్ళేనమ్మా" అని.

అంతా విని ఆ పిల్ల నా నుదురు చూసింది. "అంతేనా?" అంది.

జూన్ 24

కరస్పాండెంట్ సార్ పిలిపించాడు. నేను పోయేసరికి కామాక్షి కుర్చీలో కూర్చుని ఉంది. చంక కర్రలు గోడకి ఆనించి. ఆసుపత్రి తర్వాత ఇప్పుడే చూడటం. లావయింది. ముఖం నల్లబడింది.

"టీము మళ్ళా లెయ్యాల. జనం చూడాల," అన్నాడు సార్. ఈ ఏడు అడ్మిషన్లు తగ్గాయంట.

"కోచ్‌గా నేనుంటా సార్," అంది కామాక్షి.

ఆయన ఆమె కాలు చూశాడు. కాలు లేని చోటు చూశాడు. పక్కనున్న క్లర్కుతో, మాకు వినబడేలాగే — "మంచి ఫొటో అవతాది."

బయటికొచ్చాక మెట్ల మీద జారబోతే చెయ్యి పట్టుకున్నాను. విదిలించింది. "పట్టుకోబాక. పడితే పడనీ. ఎవురూ లేపబాకండి."

జూన్ 30

వచ్చినవాళ్ళు — ఖోఖో ఆడే పిల్లలు నలుగురు. హాజరు తగ్గినా ఆటల్లో చేరితే కలుపుతారని వచ్చినవాళ్ళు కొందరు. బంతిని చూసి కళ్ళు మూసుకునే పిల్ల ఒకతె.

కామాక్షి సంచి విప్పింది. పాత జెర్సీలు. చచ్చిపోయినవాళ్ళవి కూడా. ఉతికి ఇస్త్రీ చేసి తెచ్చింది. ఎవరి పేరూ అడగలేదు. "నువ్వు నాలుగు. నువ్వు ఏడు. నువ్వు తొమ్మిది."

తొమ్మిది వచ్చిన పిల్ల జెర్సీని ముక్కుకి దగ్గరగా పెట్టుకుంది. సబ్బు వాసనే. అయినా వేసుకోలేదు.

"ఏసుకో. లేకపోతే ఇంటికి పో."

వేసుకుంది.

జూలై 5

మైపాడు బీచి ఇసకలో పరుగు. కామాక్షి గొడుగు కింద, నోట్లో విజిల్. చాలనే మాట లేదు. ఏడో నంబరు మడమ బెణికి కూర్చుండిపోయింది, ఏడుస్తోంది.

కామాక్షి కర్రలేసుకుని వచ్చింది. ఇసకలో కర్రలు దిగబడుతుంటే లాక్కుంటూ, లాక్కుంటూ. ఆ పిల్ల ఎదురుగా నిలబడింది.

"రెండు కాళ్ళుండాయి గదే నీకు."

ఆ పిల్ల లేచి పరుగెత్తింది. కుంటుతూనే.

నేనూ పరుగెత్తాను.

జూలై 9

ఈరోజు శిరీష వచ్చింది. దివ్య చెల్లెలు. ఇక్కడే ఫస్టియర్‌లో చేరిందని నాకు తెలియదు.

దివ్య మాకు ఫార్వర్డ్. పదో నంబరు. ఐదుగురిలో ఒకతె.

శిరీష గ్రౌండు గీత బయట నిలబడి చూస్తోంది. బంతి అటు దొర్లింది. ఎడమ పాదంతో ఆపింది — మడమ కొంచెం ఎత్తి, చెయ్యి పక్కకి చాచి. అచ్చం ఆ మనిషే.

కామాక్షి సంచిలో చెయ్యి పెట్టింది. ఇన్నాళ్ళూ ఎవరికీ ఇవ్వని పదో నంబరు తీసి విసిరింది.

వెళ్ళేటప్పుడు శిరీష నా దగ్గరకొచ్చింది. "అమ్మకి చెప్పబాక అక్కా. బంతి తాకితే కాళ్ళిరగ్గొడతానంది."

నాకే ఎందుకు చెప్పిందంటే — వాళ్ళమ్మా నేనూ రోజూ ఒకే బస్సు.

జూలై 10

శిరీష వాళ్ళమ్మ రమణమ్మత్త రొయ్యల షెడ్డులో తలలు తీసే పనికి పోతుంది. మా ఊరి తర్వాతి స్టాపులో ఎక్కుతుంది; శిరీష ఇంకో బస్సుకి వస్తుందంట. ఆసుపత్రి నుంచి వచ్చిన నాటి నుంచీ రోజూ ఇదే — నా పక్కన కూర్చుంటుంది, ఐసుకి పాలిపోయిన వేళ్ళతో నా చెంప తడుముతుంది, "నీకేం కాలేదు గదా, పోనీలే" అంటుంది.

రోజూ.

ఈరోజు కొత్తగా — "మా శిరీష కనబడతా ఉండాదా కాలేజీలో?"

"ఆ అత్తా."

"సాయంత్రం కంప్యూటర్ క్లాసంట గదా."

"ఆ."

"బాగా చదవతా ఉండాదా?"

"బాగా."

చెంప తడిమింది. దిగిపోయింది. కాలేజీకి పోయేదాకా ఆ రొయ్యల వాసన నా ముఖం మీదే.

జూలై 22

నాన్న గోలుకి వల అల్లిపెట్టాడు. ఇంట్లో మిగిలిన నైలాన్ తాడుతో, రెండు ఆదివారాలు కూర్చుని. నేను మళ్ళీ ఆడటం ఆయనకి ఇష్టం లేదు. ఆ మాట నోటితో అనలేదు. "మంచి చాప పడితే నాకూ ఒకటి పంపించు" అన్నాడంతే.

కట్టాను. నీలం రంగు. చాలా రోజులకి నవ్వొచ్చింది.

ఆగస్టు 2

మధ్యాహ్నమంతా కామాక్షి అరుపులు శిరీష మీదే.

"మీ అక్కయితే ఈపాటికి ఏసుంటది."

"ఆ కాలు ఎవురిదే? మీ అక్కది గాదు."

"మీ అక్క చూస్తే సిగ్గుతో మళ్ళా చస్తది."

కొట్టు, మళ్ళీ కొట్టు. శిరీష గ్రౌండు గీత పక్కన కక్కుకుంది. నోరు తుడుచుకుని మళ్ళీ వచ్చింది. నేనే ఉండబట్టలేక — "చాలు కామాక్షీ."

"నువ్వు గోల్లో నిలబడు. నీకు నిలబడ్డమే గదా వచ్చు."

నిలబడ్డాను.

అందరూ పోయాక కర్రలు అందించబోతే వద్దంది. మట్టిలో కూర్చుని గోళ్ళతో గడ్డి పీకుతోంది. ఉన్నట్టుండి — "దివ్య బంతి ఇచ్చేదే కాదు, గుర్తుండాదా? పక్కన ఎవురున్నా కనబడేది కాదు దానికి. ఉత్త ఆశపోతు. చచ్చినాక అందరూ మంచి ప్లేయర్లయిపోయినారు."

నవ్వాను. ఆమె కూడా. కడుపు పట్టుకుని నవ్వాం ఇద్దరం. వాచ్‌మన్ వచ్చి చూసి పోయాడు.

ఆగస్టు 7

జ్వరం. కాలేజీకి పోలేదు. టీము ఫొటో తీశారంట.

ఆగస్టు 14

ఎట్లా రాయాలి...

సెంటర్లో, బస్టాపు ఎదురుగా, కాలేజీవాళ్ళు ఫ్లెక్సీ కట్టారు. రెండంతస్తుల ఎత్తు. పైన "అశ్రునివాళి". గుండ్రటి బొమ్మల్లో ముఖాలు, ఒక్కోదానికి పూలదండ. కింద కొత్త టీము. మధ్యలో కర్రలతో కామాక్షి.

పైన ముఖాలు ఐదు ఉండాలి. ఆరున్నాయి.

ఆరోది నేను.

పాత గ్రూప్ ఫొటోలోంచి కోసి వేశారు. కామాక్షి బతికి ఉందని వాళ్ళకి గుర్తుంది. నన్ను మరిచిపోయారు. కింద కొత్త టీములో నేను లేను — ఆ రోజు జ్వరం.

అరటిపళ్ళ బండి అబ్బాయి ఫ్లెక్సీనీ నన్నూ మార్చి మార్చి చూస్తున్నాడు. నలుగురు ఫోన్లు తీశారు. బస్సు వచ్చి ఆగింది. రమణమ్మత్త షెడ్డు పని అయిపోయి, ఎక్కబోతూ తలెత్తింది.

పైన దివ్య. సరిగ్గా దాని కింద శిరీష, పదో నంబరు జెర్సీలో.

చాలాసేపు చూసింది. బస్సు పోయింది. అప్పుడు నా వైపు తిరిగింది. ఎండకి చెయ్యి అడ్డం పెట్టుకుని ఉంది, కళ్ళు కనబడలేదు.

"కంప్యూటర్ క్లాసా?" అంది.



మళ్ళీ పైకి చూసింది. "నిన్ను గూడా ఏసినారే."

తర్వాత, మెల్లగా — "సరిగ్గానే ఏసినారు."

ఆగస్టు 15

జెండా పండగ అయిపోయాక ప్రాక్టీసు. రమణమ్మత్త గ్రౌండులోకి వచ్చింది. చెప్పుల్లేకుండా, పల్లేరుకాయల మీద నడిచి.

శిరీషని కాదు, ముందు కామాక్షిని చూసింది. "పెద్దది చాల్లేదా మీకు? చిన్నదాన్ని గూడా మింగాలనా?"

"అత్తా, అరవబాక," అంది కామాక్షి. "మీ పెద్దదానికంటే ఇది బాగా ఆడతాది. నిజం చెప్తే నీకు నొస్తాది గాని, ఇదే ఆడతాది."

రమణమ్మత్త ఆమె చెంప మీద కొట్టింది. కామాక్షి ఒక కర్రతో సహా వెనక్కి పడింది. ప్యాంటు పైకి పోయి, కుట్లు పడిన మొండి బయటపడింది.

ఎవరం కదల్లేదు. లేపొద్దని చెప్పి ఉంది గదా.

రమణమ్మత్త ఆ కాలు వంక చూస్తూ నిలబడింది. ఇంతకు ముందు ఎప్పుడూ చూసినట్టు లేదు. చెయ్యి కొంచెం ముందుకు చాచింది. వెనక్కి తీసుకుంది. తర్వాత శిరీష జడ చేతికి చుట్టుకుని, గ్రౌండు పొడుగునా లాక్కుపోయింది. శిరీష అరవలేదు. అదే ఘోరంగా ఉంది.

కామాక్షి తనంతట తనే లేచింది. చాలాసేపు పట్టింది. లేచి — "తొమ్మిదీ, పదో చోటుకి రా. బంతి ఎయ్యండి."

ఆగస్టు 17

శిరీష వచ్చింది.

జుట్టు లేదు. చెవుల పైదాకా కత్తిరించుకుంది, తనే, ఎగుడుదిగుడుగా.

"పట్టుకోడానికి ఇంకేం లేదక్కా," అంది. జెర్సీ వేసుకుంది.

ఆగస్టు 20

ఫ్లెక్సీలో నా ముఖం మీద తెల్ల కాయితం అంటించారు. గమ్ము సరిగ్గా పట్టలేదు. గాలికి లేచినప్పుడల్లా కింద నా కళ్ళు.

రమణమ్మత్త ఇప్పుడు బస్సులో ముందు సీట్లో కూర్చుంటుంది. తిరిగి చూడదు. చెంప తడమదు. దానికీ అలవాటు పడినదాన్నని ఇప్పుడు తెలుస్తోంది.

సెప్టెంబరు 11

టోర్నమెంటు. ఈసారి కూడా కావలే.

బిట్రగుంట ఇంకా రాకముందే కామాక్షి డ్రైవరు భుజం తట్టింది. "ఆపన్నా." ఆపాడు. సరిగ్గా ఆ చోటే — నేను చెప్పక్కరలేదు, ఆమెకి తెలుసు.

"అందరూ దిగండి."

రోడ్డు అంచున వరసగా నిలబెట్టింది. లారీలు పోతున్నాయి. ఒక్కోటి పోయినప్పుడల్లా జెర్సీలు ఒంటికి అతుక్కుంటున్నాయి. కళ్ళు మూసుకునే పిల్ల నా చెయ్యి పట్టుకుంది, వేళ్ళు విరిగేలాగా.

"గాలి తగిలిందా? ఇంతకంటే భయపెట్టేది గ్రౌండులో ఏందీ ఉండదు. ఎక్కండి."

శిరీష ఎక్కలేదు. "అక్క ఎక్కడ కూర్చోనుండింది?"

"నా పక్కన," అంది కామాక్షి.

"ఏమన్నా అనిందా?"

కామాక్షి చెప్పలేదు. నేనూ చెప్పలేదు. ఏమనిందో ఇద్దరికీ తెలుసు. నీళ్ళు అడిగింది. సీసా నా దగ్గరే ఉంది, ఇచ్చేలోపు...

మ్యాచ్ టైబ్రేకర్‌లో గెలిచాం. నేను ఒకటి ఆపాను. చిటికెన వేలు వాచింది. ఎవరూ మెచ్చుకోలేదు, నాకూ అక్కరలేదు.

సెప్టెంబరు 13

సెమీఫైనల్. గెలిచాం. ఒకటి–సున్నా.

రాయకుండా ఉండలేను.

ఆటకి ముందు అందరూ మౌనం పాటించారు. ఎదుటి టీము చేతులకి నల్ల రిబ్బన్లు. నేను గ్లౌజులు తొడుక్కుంటూ చూశాను — కామాక్షి కర్రల మీద వాళ్ళ షామియానా వైపు పోతోంది. వాళ్ళ కెప్టెన్‌తో, గోల్‌కీపర్‌తో మాట్లాడింది. వంగి ప్యాంటు పైకి లాగింది. చూపించింది. ఆ కెప్టెన్ పిల్ల నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. ఏడ్చింది. కామాక్షి చేతులు రెండూ పట్టుకుంది.

కామాక్షిని ఒకరు పట్టుకుంటే ఊరుకోవడం నేను చూడలేదు ఎప్పుడూ.

ఆట చివర్లో శిరీషకి బంతి దొరికింది. కొట్టింది. గట్టిగా కూడా కాదు, నేరుగా గోల్‌కీపర్ మీదికే పోయింది. ఆ పిల్ల బంతిని చూసింది. చూసి, బంతిని వదిలి పక్కకి పడింది.

విజిల్. గ్రౌండంతా చప్పట్లు. వాళ్ళ టీమువాళ్ళు కూడా కొట్టారు. ఎవరో ఏడుస్తున్నారు. మావాళ్ళు శిరీషని భుజాల మీదికెత్తారు. శిరీష మాత్రం వెనక్కి తిరిగి ఆ గోల్‌కీపర్‌నే చూస్తోంది.

కుళాయి దగ్గర కామాక్షిని నిలదీశాను. "ఏం అడిగినావు వాళ్ళని?"

"నీకెందుకు?"

"ఎవురూ జాలిపడొద్దన్నది నువ్వే గదా. లేపొద్దన్నది నువ్వే గదా."

ముఖం కడుక్కుంది. తుడుచుకోలేదు. "కాలు ఇచ్చినా. ఐదుమందిని ఇచ్చినాం. ఒక్క గోలు రాగూడదా మాకు?"

ఆ "మాకు"లో నేను ఉన్నానో లేదో అడగలేదు.

సెప్టెంబరు 15

పేపర్లో శిరీష ఫొటో. భుజాల మీద, పొట్టి జుట్టుతో. షెడ్డులో ఆడవాళ్ళు రమణమ్మత్తని చుట్టుకుని ముచ్చటపడ్డారంట — "నీ కూతురు గోలేసిందంటనే!" బస్సులో ఎవరో చెబుతుంటే విన్నాను.

ఈరోజు రమణమ్మత్త ముందు సీట్లో పక్కకి జరిగింది. కూర్చున్నాను. ఇద్దరం కిటికీలోంచి బయటికే చూశాం.

సెప్టెంబరు 16

ప్రాక్టీసు అయ్యాక వల విప్పుతుంటే శిరీష వచ్చింది.

"అక్కా, నువ్వు గోల్‌కీపర్‌వి గదా. అబద్ధం చెప్పబాక. ఆ బంతి పట్టుకోవచ్చా, పట్టుకోలేమా?"

"దూరం నించి నాకు సరిగ్గా కనబళ్ళేదు."

"కనబడింది నీకు."

నేను షూలేసు కట్టుకున్నాను. అప్పటికే కట్టి ఉంది. విప్పి మళ్ళీ కట్టుకున్నాను.

"అది నా గోలు కాదంటే రేపు నేను ఆడను," అంది. "నాదే అంటే ఆడతా. నువ్వు చెప్పినట్టే."

కామాక్షి గీత అవతల నిలబడి ఉంది. వినబడే దూరమే.

"రేపు చెప్తా," అన్నాను.

సెప్టెంబరు 17

ఫైనల్. వ్యాన్‌లోనే రాస్తున్నాను.

పొద్దున సెంటర్లో అందరం ఎక్కుతుంటే రమణమ్మత్త వచ్చింది. ఉతికిన చీర, చేతిలో టిఫిన్ డబ్బా. "నేను గూడా వస్తా."

"చోటు లేదత్తా," అంది కామాక్షి.

"నిలబడి వస్తా. పిల్లని ఒంటిగా పంపను ఈ బండిలో."

కామాక్షి ఆమెనే కాసేపు చూసింది. తన పక్క సీటు మీది బంతుల సంచి తీసి కింద పెట్టింది. రమణమ్మత్త కూర్చుంది. ఆ పక్క సీటు ఎవరిదో ఆమెకి తెలియదు. ఎవరూ చెప్పలేదు. శిరీషకి తెలుసు. తెల్లబోయి చూసింది.

కొంత దూరం పోయాక రమణమ్మత్త డబ్బా విప్పింది. అందరికీ ఇడ్లీ. కామాక్షికి మొదట. కామాక్షి తీసుకుంది. తిన్నది.

అప్పుడు రమణమ్మత్త వెనక్కి తిరిగి, నెలరోజుల తర్వాత మొదటిసారి నా పేరు పెట్టి పిలిచింది.

"పెంచలా. నువ్వు చూసినావు గదా. మొన్న నా కూతురు ఎట్టా ఏసిందో చెప్పు. ఇదైతే నోరిప్పదు. మొదట్నించీ చెప్పు. పెద్దది ఆడేది ఒక్కనాడు గూడా చూళ్ళేదు నేను, తిట్టడమే గాని."

కామాక్షి తల తిప్పలేదు, కానీ నమలడం ఆపింది. శిరీష నా ఎదురుగా, మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని, రెప్ప వేయకుండా.

"చెప్తా అత్తా," అన్నాను. అంతలో డ్రైవరు డీజిల్‌కి బంకులోకి తిప్పాడు. అందరూ నీళ్ళకి దిగారు. నేను దిగలేదు. ఈ నాలుగు ముక్కలు రాస్తున్నాను.

మళ్ళీ ఎక్కుతున్నారు. రమణమ్మత్త నా పక్కకే వచ్చి కూర్చుంది. చెయ్యి తీసి నా చెంప మీద పెట్టింది. "ఊ. బంతి ఎటు నించి వచ్చింది?"

కుడి వైపు నుంచి అన్నాను. అంతవరకు నిజమే.

శిరీష ముందుకు వంగింది...